కనాతు లోపలి నీళ్ళు

మొఘల్‌పురాలో కుల్సుమ్ పేరెత్తితే ఆడవాళ్ళు ముందుగా చెప్పే మాట ఒకటే. నలుగురిలో మొగుణ్ణి పేరు పెట్టి పిలిచిన మనిషి అని. ఎందుకు పిలవాల్సి వచ్చిందో కొందరు తర్వాత చెప్తారు. కొందరు చెప్పరు.

ఆమె భర్త దస్తగీర్ డేరాలు కుట్టేవాడు. పత్తర్‌గట్టి వెనక సందులో అతనికి చిన్న దుకాణం ఉండేది. పెళ్ళిళ్ళకు షామియానాలు, గోషా ఆడవాళ్ళు ఊరి బయటికి వెళ్ళినప్పుడు వాళ్ళ చుట్టూ కట్టే గుడ్డ గోడలు, అంటే కనాతులు, కుట్టి అద్దెకిచ్చేవాడు. కనాతుకు వెదురు కర్రలు దూర్చే నిలువు అరలు కుట్టడం కుల్సుమ్ పని. ఇంటి వసారాలో కూర్చుని, మందపాటి గుడ్డ ఒళ్ళో వేసుకుని, లావు సూదితో రెండు వరసలు కుట్టేది. అర పక్కన అర ఎక్కడా సందు లేకుండా కలిసిపోయేది. దస్తగీర్ కనాతులో కన్ను పెట్టడానికి చోటు దొరకదని ఊళ్ళో పేరు. ఆ పేరు నిజానికి ఆమెది.

వాళ్ళకు ఒక్కతే కూతురు, అన్వరీ. ఆ పిల్ల పుట్టాకే కుల్సుమ్‌కు భర్తను పిలవడానికి ఒక మాట దొరికింది. పెళ్ళాం నోట పేరు వస్తే మొగుడి ఆయుష్షు తరుగుతుందని ఆ ఇళ్ళలో నమ్మేవారు. కాబట్టి పెళ్ళైన కొత్తలో "ఇగో", "వింటున్రా" అని గోడకు చెప్పినట్టు చెప్పేది. బిడ్డ పుట్టాక "అన్వరీ అబ్బా", అంటే అన్వరీ నాన్నా, అనేది. వసారాలోంచి ఆ పిలుపు రోజంతా వినపడేది. అన్నం పెట్టినా అదే, దారం అయిపోయినా అదే.

అన్వరీ వాగుడుకాయ. తండ్రి దుకాణం నుంచి రాగానే అతని వీపెక్కి కూర్చునేది.

"అబ్బా, బహదూర్‌పురా అవతల గుంతల చేపలుంటయా?"

"ఉంటయ్. నీ నోరు విన్నయంటే అన్నీ మూసీల దుంకి పారిపోతయ్."

"నేను నోరు మూసుకుంట. ఒక్కటి పట్టియ్యవా?"

"నువ్వు నోరు మూసుకున్న దినం నేను మొసలినే పట్టిస్త, పో."

ఆ గుంతను అందరూ రాళ్ళగుంత అనేవారు. ఏ కాలంలోనో ఇళ్ళకు రాయి కొట్టుకుపోతే మిగిలిన గొయ్యి. వానలకు నిండి చెరువులా కనిపించేది. దాని ఒడ్డునే అబ్దుల్ వాహెద్ సాబ్ జామతోట. ఆయనకు పత్తర్‌గట్టిలో అత్తరు దుకాణం ఉంది. సఫర్ నెల చివరి బుధవారం నాడు, ప్రవక్త జబ్బు నుంచి తేరుకుని స్నానం చేసిన రోజని పెద్దలు చెప్పే ఆ రోజున, ఊళ్ళో వాళ్ళు తోటలకు వెళ్ళి పచ్చిక మీద నడిచి, గుల్గులే, అంటే నూనెలో వేయించే తీపి ఉండలు, వండుకు తినడం ఆనవాయితీ. వాహెద్ సాబ్ భార్య ఇక్బాలున్నీసా వాడలోని ఆడవాళ్ళందరినీ పరదా కట్టిన బండ్లలో తన తోటకు తీసుకెళ్ళేది. ఏడాది పొడుగునా గడప దాటని ఆడవాళ్ళు ఆ ఒక్క రోజు ఆకాశం కింద కూర్చునేవారు. తోటకు మూడు వైపులా దస్తగీర్ కనాతు కట్టేవాడు. నాలుగో వైపు నీళ్ళు కదా అని వదిలేసేవారు. నీళ్ళలోంచి ఎవరొస్తారు?

1931లో ఆ బుధవారం కొత్త వానల్లో వచ్చింది. గుంత ఎర్రనీళ్ళతో నిండుగా ఉంది. ఒడ్డు పక్కన నీటి కింద ఒక బండ పరుపులా ఉంటుంది. దాని మీద నడిస్తే నీళ్ళు చీలమండల దాకా వస్తాయి. ఆ బండ ఎక్కడ ఆగిపోతుందో ఆ ఎర్రనీళ్ళలో పైనుంచి కనపడదు. పిల్లలు పైజామాలు పైకి మడిచి దాని మీద గంతులేశారు. ఆడవాళ్ళు బురఖాలు తీసి కొమ్మలకు వేశారు. కొందరు తలలు కూడా తడుపుకున్నారు. మూడు రాళ్ళు పేర్చి కుల్సుమ్ గుల్గులే వేయిస్తోంది.

అన్వరీ ఎప్పుడు జారిందో ఎవరూ సరిగా చూడలేదు. పక్కనున్న పిల్ల "అయ్యో అమ్మీ!" అని అరిచింది. తర్వాత అందరూ ఒకేసారి అరిచారు.

కనాతు అవతల బండ్ల దగ్గర మగవాళ్ళున్నారు. దస్తగీర్‌కు ఈత వచ్చు. పరుగెత్తి వచ్చి కనాతు కర్ర పట్టుకున్నాడు.

"క్యా హువా? ఎవలన్న పడ్డరా? నేను వస్తున్న!"

"ఠైరో! అందర్ నక్కో ఆవ్!" ఆగు, లోపలికి రావద్దని ఇక్బాలున్నీసా గట్టిగా కేక వేసింది. "ఆడోళ్ళు తలలు ఇప్పుకొని ఉన్నరు. కప్పుకోనియ్యి!"

అతను ఆగాడు. పెద్దింటి ఆవిడ మాట. పైగా లోపల పరాయి ఆడవాళ్ళు. లోపల ఎవరి బురఖా ఎవరిదో తెలియక ఒకరిది ఒకరు లాక్కున్నారు. "వద్దు వద్దు, ఇంకా రావద్దు" అని తలో వైపు నుంచి అంటూనే ఉన్నారు. ఆ అరుపుల్లో ఏ బిడ్డ పేరూ అతనికి తెలియలేదు. చివరికి ఎవరో "ఇగ రా" అన్నారు. అతను లోపలికి దూకి, నీళ్ళలో మునిగి, వెతికి, మళ్ళీ మునిగి, ఒక పిల్లను తెచ్చి ఒడ్డున వేశాడు. ముఖం మీది జుట్టు పక్కకు తీశాక చూశాడు.

కుల్సుమ్ బండ అంచు నుంచి నడుము దాకా నీళ్ళలోకి దిగి ఉంది. ఇద్దరు ఆడవాళ్ళు ఆమెను వెనక్కి పట్టుకుని ఉన్నారు. ఆమె తల మీద ఓణీ చక్కగా ఉంది. పిల్ల కేక విన్నప్పుడు ఆమె చేసిన మొదటి పని అది. అవతల మగ గొంతు వినపడింది కాబట్టి, ఆలోచన లేకుండానే, పిండి చేత్తో ఓణీ తల మీదికి లాక్కుంది. ఆ తర్వాత పరుగెత్తింది. ఓణీ అంచున పిండి అంటుకుని ఉండటం ఇంటికి వచ్చాక ఆమె చూసుకుంది. ఆ సంగతి చాలా కాలం ఎవరికీ చెప్పలేదు.

పరామర్శకు వచ్చినవాళ్ళంతా అల్లా మర్జీ అన్నారు. ఇక్బాలున్నీసా వచ్చి కుల్సుమ్ తలను తన ఒళ్ళో పెట్టుకుని నిజంగానే ఏడ్చింది. గుంతలో జిన్ ఉందని, కాలు పెట్టినవాళ్ళను ఒక్క గుంజు గుంజి అడుక్కు తీసుకుపోతుందని, మనిషి చేతిలో ఏమీ లేదని ఎవరో దస్తగీర్‌తో అన్నారు. అతను ఆ మాట పట్టుకున్నాడు. దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ అదే చెప్పేవాడు. "ఒక్క గుంజు. నేను ముందుగాల్నే పోయినా దొరికేది గాదు." వినేవాళ్ళు తలూపేవారు. ఇంకేం చేస్తారు?

ఇంట్లో పిలుపు ఆగిపోయింది. అన్వరీ లేనప్పుడు అన్వరీ అబ్బా అని ఎలా పిలవడం? మళ్ళీ "ఇగో" అనడానికి ఆమెకు నోరు రాలేదు. అన్నం పెట్టి చెంబు చప్పుడు చేసేది. దారం అయిపోతే లేచి వెళ్ళి అతని ముందు ఖాళీ కండె పెట్టేది. మరో బిడ్డ పుట్టలేదు.

కనాతులు మాత్రం కుట్టడం మానలేదు. తిండి అందులోంచే రావాలి. కానీ కుడుతూ కుడుతూ ఆమెకు ఒక ఆలోచన పట్టుకుంది. మళ్ళీ ఏడు అదే రోజు వస్తుంది. అవే బండ్లు కడతారు, అదే తోటకు పోతారు, ఇవే గుడ్డలు నిలబడతాయి. లోపల ఈత వచ్చిన ప్రాణి ఒక్కటీ ఉండదు. మగవాళ్ళు లోపలికి రారు. అయితే ఈత వచ్చిన ఆడది ఉండాలి.

బహదూర్‌పురా నుంచి సత్తెమ్మ అనే ఆమె చేపల గంప నెత్తిన పెట్టుకుని వాడకు వచ్చేది. చెరువు మీద బతికే ఇంటి ఆడపడుచు. చిన్నప్పుడు అన్నలతో పాటు వలలు లాగిన మనిషి. కుల్సుమ్ ఒకరోజు చేపలు బేరం ఆడకుండా గంప ముందు కూర్చుంది.

"సత్తెక్కా, నీకు ఈత వస్తదా?"

"ఏందే గట్ల అడుగుతవు? చేపను ఈత వస్తదా అంటరా ఎవలన్న?"

"నాకు నేర్పియ్యి."

సత్తెమ్మ నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆగింది. "గోషల ఉండేదానివి, నీకెందుకే గీ నీళ్ళ లొల్లి? మీ ఆయనకు తెలిస్తే నా గంప మూసీల ఏస్తడు."

"ఎయ్యడు."

"ఎట్ల చెప్తవు?"

"ఎయ్యడక్కా."

బహదూర్‌పురాలో కూరగాయల మడుల మధ్య ఒక మోటబావి ఉంది. తెల్లవారగానే, మోట కట్టకముందు, అక్కడ ఎవరూ ఉండరు. కుల్సుమ్ కూరగాయలకని వెళ్ళేది. సత్తెమ్మ జీలుగు బెండ్లు తాడుతో ఆమె వీపుకు కట్టి, మెట్ల మీద నిలబడి తిట్టేది.

"కాళ్ళు ఆడియ్యవే! రొట్టె పిసికినట్టు పిసుకుతవేంది? గా నోరు మూసుకో, బావంత తాగేటట్టున్నవు!"

ముక్కులో నీళ్ళు పోయిన ప్రతిసారీ కుల్సుమ్‌కు కూతురు గుర్తొచ్చేది. నీళ్ళలో ఏడిస్తే ఎవరికీ కనపడదు. సత్తెమ్మకు కనపడేదేమో, అప్పుడు తిట్లు ఇంకా గట్టిగా తిట్టేది. వానలు తగ్గేనాటికి బెండ్లు ఒక్కొక్కటే తగ్గాయి. తర్వాత మునిగిన మనిషిని వెనక నుంచి ఎలా పట్టుకోవాలో నేర్పింది. సత్తెమ్మే మునిగినట్టు నటించి, నిజంగానే మెడ పట్టుకుని కిందికి లాగేది. "మునిగేటోళ్ళకు తల్లి లేదు, పిల్ల లేదు. దొరికిందల్ల పట్టుకుంటరు. ముందటికెల్లి పోకు, చస్తవు" అనేది.

కుల్సుమ్ తడిజుట్టుతో ఇంటికి వచ్చేది. దస్తగీర్ చూసేవాడు, ఏమీ అడిగేవాడు కాదు. ఒకనాడు ఆమె సూదిపెట్టె పక్కన ఒక పైజామా మడతపెట్టి ఉంది. పలచటి డేరా గుడ్డ, కుట్టు దస్తగీర్‌ది. కుచ్చులు లేవు, కాళ్ళకు అంటుకుని ఉండే కోత. నీళ్ళలో చుట్టుకోదు. ఆమె దాన్ని చాలాసేపు చేత్తో పట్టుకుని కూర్చుంది. అతను దుకాణానికి వెళ్ళిపోయాడు.

మరుసటి ఏడు నుంచి ఆమె ఆ పైజామాతో, పొట్టి కుర్తాతో కనాతు లోపల నీటి ఒడ్డున కూర్చోవడం మొదలుపెట్టింది. మొదట డేరా మేకులు దిగగొట్టి, బండ అంచుకు ఇవతల ఒక తాడు కట్టేది. తాడు దాటితే ఎవరి బిడ్డనైనా చెవి పట్టి వెనక్కి లాగేది. వంటకు పిలిచినా లేవదు, గుల్గులే తెచ్చి చేతిలో పెట్టినా నీళ్ళ మీది నుంచి చూపు తిప్పదు. ఆడవాళ్ళకు విసుగొచ్చేది.

"మనకే అనుకుంటే ఇగ నీళ్ళకు గూడ గోషా పెట్టింది కుల్సుమ్ బీ" అని ఒకామె అనేది. మిగతావాళ్ళు ఓణీలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవారు.

"నవ్వుండ్రి. తాడు దాటకుండ నవ్వుండ్రి" అనేది కుల్సుమ్.

అయినా ఒకటి రెండు సార్లు పిల్లలు తాడు కింద నుంచి దూరారు. ఆమె దిగి తీసుకొచ్చింది. తల్లులు ఆ పూట ఆమె చేతులు పట్టుకుని ఏడ్చి, వచ్చే ఏటికి మళ్ళీ నవ్వేవారు. ఆమెకు అది చాలు. నవ్వేవాళ్ళ పిల్లలు బతికే ఉన్నారు కదా.

దస్తగీర్ మాత్రం నీటి వైపు వచ్చేవాడు కాదు. ఒడ్డు దాకా వచ్చే కనాతు చివరి కర్రలు పాతడానికి పనివాళ్ళను పంపి, తను బాట దగ్గర బండ్ల నీడన కూర్చునేవాడు.

చంద్రుణ్ణి బట్టి నెలలు లెక్కపెట్టే పండుగలు ఏటేటా వెనక్కి జరుగుతాయి. వానల్లో వచ్చే ఆ బుధవారం క్రమంగా ఎండల్లోకి వచ్చింది. 1938లో వచ్చేసరికి రాళ్ళగుంత దాదాపు ఎండిపోయింది. కుల్సుమ్ ఎప్పుడూ నీళ్ళ కింద ఊహించుకున్న చోటు ఆమె కళ్ళ ముందు ఎండలో తేలింది. పరుపు బండ, దాని చివర ఉలితో కోసినట్టు నిలువుగా దిగిన అంచు, దాని కింద మిగిలిన కొంచెం పచ్చనీళ్ళు. సుడి లేదు, ఊట లేదు, అడుగులేని బిలం లేదు. ఆమె అంచున పడుకుని చెయ్యి కిందికి వేలాడేసి చూసింది. జారిన పిల్ల మొదట ఎంత లోతులో ఉండి ఉంటుందో ఆ చేతికి తెలిసింది. వెంటనే దిగితే అందేది.

అప్పుడు లేచి సున్నం తెప్పించి, బండ అంచు పొడుగునా తెల్లగా పూసింది, నీళ్ళు తేటగా ఉన్న ఏడాదైనా కనపడాలని. బాట దగ్గరికి వెళ్ళాక దస్తగీర్ ఆమె చేతులకున్న సున్నం చూసి, "ఏమైంది?" అన్నాడు.

"ఏం లేదు. బండకు పూసిన."

"నీళ్ళు లేవంట గద. జిన్ యాడికి పోతది నీళ్ళు లేకుంటే?"

అతను హాస్యానికి అడగలేదు. ఆమె అతని ముఖం చూసి, "అడుక్కు పోతదేమో" అంది.

తర్వాత యుద్ధం వచ్చింది. గుడ్డ దొరకడం కష్టమైంది. దస్తగీర్ పాత కనాతులకే అతుకులు వేసి అద్దెకిచ్చాడు. సున్నం ఒక్క వానాకాలానికే కరిగిపోయింది. ఆ తర్వాత గుంత మళ్ళీ అంతగా ఎండలేదు. బండకు పాకుడు పట్టింది.

1944లో ఆ బుధవారం చలి ఇంకా పోని రోజుల్లో వచ్చింది. నీళ్ళు నిండుగా, చల్లగా ఉన్నాయి. ఇక్బాలున్నీసా ఇంటికి కొత్తకోడలు వచ్చింది. పేరు మునీరా. అత్త మాట మీద పెళ్ళినాటి ఖడా దుపట్టా కట్టుకుని వచ్చింది. మూరలకు మూరలు గుడ్డ, అంచు నిండా జరీ. తిన్నాక చెయ్యి కడుక్కోవడానికి ఆ పిల్ల నీటి దగ్గరికి వెళ్ళింది.

"బేటీ, తాడు ఇవతలనే కడుక్కో" అంది కుల్సుమ్.

"ఇగో, ఇంతే ఖాలా" అంటూ మునీరా వంగింది. పాకుడు మీద కాలు జారింది. తాడు కింద నుంచి జారి, కూర్చున్న మనిషి కూర్చున్నట్టే బండ మీది నుంచి వెళ్ళిపోయింది.

కుల్సుమ్ అప్పటికే నీళ్ళలో ఉంది. సత్తెమ్మ చెప్పినట్టు వెనక నుంచే పట్టుకుంది. కానీ ఆ దుపట్టా తడిసి, విప్పుకుని, ఇద్దరి చుట్టూ తిరిగింది. కుల్సుమ్ ఒక చెయ్యి అందులో చిక్కింది. కాళ్ళు ఎంత ఆడించినా ఇద్దరి బరువూ పైకి రాలేదు. ఒకసారి ముఖం బయటికి వచ్చింది. ఒడ్డున బురఖాల కోసం పరుగులు, "ఠైరో ఠైరో" అన్న కేకలు, కనాతు అవతల మగ గొంతులు, అన్నీ ఆమెకు వినపడ్డాయి. పదమూడేళ్ళ కిందట విన్నవే. ఆమెకు మళ్ళీ ఒక ఊపిరికి మాత్రమే అవకాశం ఉంది. ఆ ఊపిరితో ఏమని పిలవాలి? ఆమె దగ్గర అతనికి పిలుపు లేదు.

"దస్తగీర్!" అని అరిచింది. "దస్తగీర్, రా!"

బండ్ల దగ్గర అతను లేచి నిలబడ్డాడు. ఆ గొంతులో తన పేరు అతను పుట్టి ఎన్నడూ వినలేదు. వచ్చి ఎవరినీ అడగలేదు. అతుకులు వేసిన కనాతు అతని భుజం తగలగానే నిలువునా చిరిగింది. తలలు కప్పుకోని ఆడవాళ్ళ మధ్య నుంచి నేరుగా వెళ్ళి నీళ్ళలోకి దూకాడు.

మునీరా అక్కడే ఉంది, బండ అంచుకు కొంచెం కింద. అతను అడుగు దాకా వెళ్ళాలనుకుని దూకాడు, వెళ్ళాల్సిన పని లేకపోయింది. ఒక చేత్తో పిల్లను, ఒక చేత్తో పెళ్ళాన్ని పట్టుకుని బండ మీదికి తోశాడు. మునీరా నీళ్ళు కక్కింది. దగ్గింది. "అమ్మీ" అని ఏడ్చింది.

అందరూ ఆ పిల్ల చుట్టూ చేరారు. అతను మాత్రం నీళ్ళలోనే ఉండిపోయాడు, బండ అంచు రెండు చేతులతో పట్టుకుని. చూస్తున్నాడు, అంచును, నీళ్ళను, దగ్గుతున్న పిల్లను.

ఆ వారమంతా వాడలో రెండు మాటలే. పరాయి మగవాడు ఆడవాళ్ళలోకి దూరాడు. ఆడది మొగుణ్ణి పేరు పెట్టి, అదీ ఏకవచనంలో, కేకేసింది. "పానం పోతుంటే ఎవలకు గుర్తుంటదమ్మా?" అని కొందరన్నారు. "నా నోట అయితే అప్పుడు గూడ రాదు" అని కొందరు. వాహెద్ సాబ్ ఇక ఆడవాళ్ళను తోటకు పంపేది లేదన్నాడు. ఆ ఇంటి నుంచి డేరాలకు మళ్ళీ పిలుపు రాలేదు. వాళ్ళను చూసి మిగతా ఇళ్ళ వాళ్ళూ తగ్గారు.

ఇక్బాలున్నీసా మాత్రం పరదా బండి కట్టించుకుని ఒకరోజు వచ్చింది. వసారాలో కుల్సుమ్ పక్కన చాప మీద కూర్చుంది. కోడలు బాగుందని కూడా చెప్పలేదు.

"ఆ దినం ఠైరో అన్నది నేనే" అంది చివరికి.

కుల్సుమ్ సూది గుడ్డలో గుచ్చి వదిలింది. "అందరం అన్నదే బేగం సాబా. మీ నోట వచ్చింది, అంతే."

ఇద్దరిలో ఎవరూ ఏడవలేదు. ఇక్బాలున్నీసా లేచేటప్పుడు గోడ పట్టుకుని లేచింది.

దస్తగీర్ దుకాణానికి వెళ్ళడం తగ్గించాడు. ఒక ఉదయం చెప్పకుండా వెళ్ళిపోతే కుల్సుమ్ బురఖా వేసుకుని వెతుకుతూ బయల్దేరింది. ఎక్కడుంటాడో ఆమెకు తెలుసు. జామతోటలో ఎవరూ లేరు. అతను కనాతు కట్టే చోట నిలబడి, అక్కడి నుంచి నీటి దాకా నడిచి, మళ్ళీ వెనక్కి వెళ్ళి, మళ్ళీ నడుస్తున్నాడు. ఆమెను చూసి ఆగాడు.

"జిన్ లేదు" అన్నాడు.

ఆమె బురఖా ముసుగు పైకి ఎత్తింది.

"చెయ్యి పెడితే దొరికింది గా పిల్ల. అడుక్కు పోలే. ఎవలు గుంజలే." అతని గొంతు పిల్లవాడి గొంతులా ఉంది. "అన్వరీ గూడ గక్కడ్నే ఉండె గద, నేను కర్ర పట్టుకొని నిలబడ్డప్పుడు. గక్కడ్నే ఉండె."

"ఉండె."

అతను తిరిగి చూశాడు. "నీకు తెలుసా?"

"నీళ్ళు ఎండిన ఏడు చూసిన."

"గన్నేండ్ల సంది తెలుసా? నాకెందుకు చెప్పలే?"

"చెప్తే మీరు బతుకుతరా?" అంది కుల్సుమ్. ఆ తర్వాత, ఇన్నేళ్ళు దాచినదాన్ని కూడా అతని ముందు పెట్టింది. "మీరు కర్ర కాడ ఆగిండ్రు. నేను గూడ ఆగిన. ముందుగాల ఓణీ కప్పుకున్న, గప్పుడు ఉరికిన. కన్నతల్లిని."

అతను బండ మీద కూలబడ్డాడు. ఆమె పక్కన కూర్చుంది. ఒకరినొకరు ఓదార్చుకునే మాటలు వాళ్ళ దగ్గర మిగల్లేదు. ఉన్న ఒక్క ఓదార్పూ మునీరా బతకడంతో పోయింది. కుల్సుమ్ కోరుకున్నది జరిగింది. కనాతు లోపల మళ్ళీ ఎవరూ మునిగి చావలేదు. దానికోసమే ఆమె బావిలో దిగింది, తాడు కట్టింది, ఎగతాళి పడింది. ఆ కోరిక తీరిన రోజు మొగుడికి ఇది తెలుస్తుందని మాత్రం అనుకోలేదు.

ఆ తర్వాత దస్తగీర్ డేరాలు కుట్టలేదు. కుల్సుమ్ గోనె సంచులు, గలీబులు కుట్టి ఇల్లు నడిపింది. అతను పొద్దున్నే లేచి రాళ్ళగుంతకు వెళ్ళి ఒడ్డున కూర్చునేవాడు. బట్టలుతికే వాళ్ళు బండ అంచుకు పోతే అరిచేవాడు. గొడ్లు కాసే పిల్లలు నీళ్ళలో దిగితే రాయి తీసుకుని వెంటపడేవాడు. ఎండాకాలం, వానాకాలం తేడా లేదు. గడ్డం నెరిసి, చొక్కా చిరిగి, చూడ్డానికి పిచ్చివాడిలా అయ్యాడు. బహదూర్‌పురాలో తల్లులు అన్నం తినని పిల్లలను గుంతకాడి ముసలాయనకు పట్టిస్తామని బెదిరించేవారు. అతనికి అప్పటికి యాభై కూడా లేవు. కుల్సుమ్ మధ్యాహ్నం రొట్టె మూట పట్టుకుని వెళ్ళి, అతను తినే దాకా అతని బదులు నీళ్ళను చూస్తూ కూర్చునేది.

ఒకనాడు ఆ దారిలో బాలమ్మ అనే ఆమె అడ్డం వచ్చింది. గుంతకు దగ్గరలోనే ఇల్లు.

"ఏందమ్మా, మీ ఆయనకు జర చెప్పరాదా? పోరగాండ్లను నీళ్ళకాడికే రానిస్తలేడు. పొద్దుగాల మా పోరిని గీ రెక్క పట్టుకొని గుంజి గుంజి తిట్టిండు. భయపడి జొరమొచ్చింది దానికి."

"పిల్ల మంచిగున్నదా?"

"ఉన్నది. ఏడుస్తున్నది ఇంట్ల."

కుల్సుమ్ రొట్టె మూట ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. ఇంట్లో నుంచి ఆ పిల్ల ఏడుపు సన్నగా వినపడుతోంది. ఆమె కాసేపు నిలబడి వింది.

"తిట్టనియ్యక్కా" అని, గుంత వైపు నడిచింది.